పేడ పరీక్షలో ‘గుడ్లు లేవు’ అంటే నట్టలు లేవని కాదు

సంపాదకులకు నమస్కారం.

పశుపోషణ శీర్షికల్లో నట్టల (పశువు కడుపులో చేరే పరాన్నజీవి పురుగుల) గురించి ఏది రాసినా చివరికి తేలేది రెండు సలహాల్లో ఒకటి. మూడు నెలలకోసారి మందు పట్టించండి అన్నది మొదటిది. పేడ పరీక్ష చేయించి, అవసరమైతేనే పట్టించండి అన్నది రెండోది. రెండో మాటే సరైనది, సందేహం లేదు. కానీ ఆ మాట అక్కడితో ఆగిపోవడం వల్ల ఇంకో చిక్కు వస్తోంది. రిపోర్టులో ‘గుడ్లు కనిపించలేదు’ అని ఉంటే రైతు నిశ్చింతగా ఊరుకుంటాడు. దూడ మాత్రం పారుకుంటూనే ఉంటుంది. చివరికి ఈ పరీక్షలన్నీ దండగ అనుకుని మళ్లీ క్యాలెండరు చూసి మందు పట్టించడం మొదలుపెడతాడు. పేడ ఎలా తీశారు, తీసిన ఎన్ని గంటలకు చూశారు, ఏ పద్ధతిలో చూశారు, పశువు వయసెంత? ఈ నాలుగూ తెలియకపోతే ఆ రిపోర్టు ఏమీ చెప్పనట్టే. అందుకే ఈ ఉత్తరం.

ముందు కంటితో చూసి తేల్చేసే అలవాటు సంగతి. పేడలో పురుగులు కనబడలేదు కాబట్టి నట్టలు లేవనుకునేవారు చాలామంది. నిజానికి పేడలో కంటికి ఆనేవి కొద్దే. చిన్న దూడల్లో పెద్ద ఏలికపాములు, బద్దె పురుగు నుంచి తెగిపడే తెల్లటి ముక్కలు, ఎప్పుడో ఒకసారి ఎర్రటి పిల్ల జలగలు (నీటి జలగలు కావు, కార్జంలో అంటే కాలేయంలోనో, పొట్టలోనో చేరే నట్టలు), అంతే. పశువును లోలోపల గుల్ల చేసేవాటిలో ఎక్కువ భాగం అర సెంటీమీటరు నుంచి మూడు సెంటీమీటర్ల పొడవున, వెంట్రుక మందాన ఉంటాయి. నాలుగో పొట్టనో చిన్న పేగునో పట్టుకుని ఉండి, గుడ్లను మాత్రమే బయటికి పంపుతాయి. వెంట్రుకలు గరుకెక్కడం, పొట్ట ఉబ్బి వెన్నెముక తేలడం, దవడ కింద నీరు దిగడం, కంటి లోపలి పొర పాలిపోవడం అనుమానించడానికి పనికొస్తాయి గానీ నిర్ధారణకు చాలవు. మేత చాలకపోయినా, గోమార్ల వల్ల వచ్చే రక్తపు జబ్బుల్లోనూ వీటిలో కొన్ని కనిపిస్తాయి. కంటి రంగును పట్టికతో పోల్చి మందు వేసే పద్ధతి గొర్రెలకు, మేకలకు, అదీ హీమాంకస్ అనే ఒక్క పురుగు కోసం రూపొందింది. దాన్ని ఆవులకూ గేదెలకూ అలాగే అంటగట్టకూడదు.

ఇక పేడ తీయడం. పరీక్ష సగం ఇక్కడే చెడుతుంది. చేతికి తొడుగు వేసుకుని ఆసనంలోంచి తీయడం అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే పశువు పేడ వేస్తుండగా కనిపెట్టుకుని ఉండి, నేలకు తగలని పైభాగంలోంచి, కుప్ప మధ్యలోంచి తీయాలి. నేలను తాకిన పేడలోకి మట్టిలో స్వేచ్ఛగా బతికే సన్న పురుగులు ఎక్కేస్తాయి. మైక్రోస్కోప్ కింద కదులుతున్న ఆ పిల్ల పురుగులను చూసి రోగం తీవ్రంగా ఉందని రాసిన రిపోర్టులు లేకపోలేదు. ఒక్కో పశువుకు 20 గ్రాములుంటే అన్ని పరీక్షలకూ సరిపోతుంది. అగ్గిపెట్టెలోనో కాగితం పొట్లంలోనో ఇచ్చే చిటికెడు పేడతో జలగల పరీక్ష జరగదు.

ప్లాస్టిక్ సంచి అయితే గాలి పిండేసి ముడి వేయాలి. డబ్బా అయితే అంచుదాకా నింపి మూత పెట్టాలి. గాలి, వెచ్చదనం ఉంటే స్ట్రాంగైల్ అనే సన్న పురుగుల జాతి గుడ్లు ఒక్క రోజులోనే పొదిగి పిల్లలు బయటికి వచ్చేస్తాయి. అప్పుడు లెక్కపెట్టడానికి గుడ్లే మిగలవు. ఉదయం తీసి మర్నాడు సాయంత్రం దాకా వాహనం సీటు కింద ఉంచిన పేడలో గుడ్లు లేవని వస్తే ఆశ్చర్యం ఏముంది? వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. పైనున్న మంచు అరలో పెడితే గుడ్లు చిట్లి రూపు మారిపోతాయి. మరీ ఆలస్యమవుతుందనుకుంటే 10 శాతం ఫార్మలిన్ కలపవచ్చు. కానీ అలా కలిపిన పేడలో గుడ్లను లెక్కించగలమే తప్ప, పొదిగించి ఏ జాతో తేల్చలేం. పశువు నంబరును మూత మీద కాకుండా డబ్బా ఒంటి మీదే రాయాలి. పది డబ్బాల మూతలు ఒకేసారి తీసినప్పుడు మూతలు తారుమారు కావడం ప్రయోగశాలల్లో రోజూ జరిగేదే.

పద్ధతుల్లో అన్నిటికన్నా తేలికైనదీ, అన్నిటికన్నా మోసం చేసేదీ నేరుగా స్లైడ్ మీద రాసి చూడటం. పుల్ల కొనతో కాస్త పేడ తీసి, ఒక చుక్క నీటిలో కలిపి, పైన కవర్ స్లిప్ వేసి చూస్తారు. స్లైడ్ కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు చదవగలిగేంత పల్చగా ఉండాలన్నది లెక్క. అంత పల్చటి పొరలో ఉండే పేడ దాదాపు రెండు మిల్లీగ్రాములే. అందులో ఒక్క గుడ్డు కనబడాలంటే గ్రాము పేడలో సుమారు 500 గుడ్లుండాలి. అంటే ఈ పద్ధతిలో గుడ్డు కనిపిస్తే రోగం ఉన్నట్టే, కనిపించకపోతే మాత్రం ఏమీ తెలియనట్టే. అయినా ఎక్కువ రిపోర్టులు దీనితోనే ముగుస్తాయి. రెండు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి.

తేలియాడించే పద్ధతి అలా కాదు. గుడ్లకన్నా బరువైన ద్రావణంలో పేడను కలిపితే చెత్త కిందికి దిగి గుడ్లు పైకి వస్తాయి. లీటరు వేడినీటిలో సుమారు 400 గ్రాముల ఉప్పు వేసి కలుపుతూ పోవాలి. అడుగున కొంచెం ఉప్పు కరగకుండా మిగిలిందంటే ద్రావణం సిద్ధమైనట్టు. చల్లారాక పైతేట తీసుకోవాలి. దాని సాంద్రత 1.20 దగ్గర ఉండాలి. హైడ్రోమీటర్ ఉంటే వాడే ముందు ఒకసారి ముంచి చూడటం మంచిది, ఎందుకంటే నీళ్లు కలిసిన పాత ద్రావణంలో గుడ్లు సగం దూరంలోనే ఆగిపోతాయి. 3 నుంచి 5 గ్రాముల పేడను 45 మిల్లీలీటర్ల ద్రావణంలో బాగా నలిపి, టీ జాలిలాంటి సన్న జాలితో వడకట్టి, పరీక్ష నాళికలో అంచు మీదికి ఉబ్బేలా పోయాలి. పైన కవర్ స్లిప్‌ను గాలి బుడగ చిక్కకుండా దించాలి. 15 నుంచి 20 నిమిషాలు కదపకూడదు. తర్వాత కవర్ స్లిప్‌ను పక్కకు లాగకుండా నిటారుగా పైకెత్తి స్లైడ్ మీద వేయాలి. పక్కకు జరిపితే అంటుకున్న గుడ్లు నాళిక అంచుకే మిగిలిపోతాయి. పది రెట్ల లెన్సుతో ఒక మూల నుంచి మొదలుపెట్టి వరుసగా మొత్తం చూడాలి. ఆలస్యం చేస్తే ఉప్పు స్ఫటికాలు కమ్మేస్తాయి, గుడ్లు ముడుచుకుపోతాయి.

ఇందులో కనిపించే గుడ్ల రూపం తెలిసి ఉండాలి. పలుచటి పెంకుతో, కోలగా, లోపల విభజన చెందుతున్న కణాల ముద్దతో 70 నుంచి 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవున ఉండేవి స్ట్రాంగైల్ జాతివి. హీమాంకస్, ఆస్టర్‌టాజియా, కూపీరియా, ఈసోఫాగోస్టోమమ్ గుడ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. గుడ్డు చూసి ఫలానా పురుగని రాస్తే నమ్మకూడదు. అది తేలాలంటే పేడను 27 డిగ్రీల వద్ద వారం పది రోజులు పొదిగించి పిల్ల పురుగులను చూడాల్సిందే. రెండు కొసలా బిరడాలున్న నిమ్మకాయ ఆకారపు గుడ్డు ట్రైకురిస్‌ది. మందపాటి, గుంతలు పడిన పెంకుతో గుండ్రంగా ఉండేది దూడల ఏలికపాముది. మూడు మూలలో నాలుగు మూలలో ఉన్నట్టు కనిపించేవి బద్దె పురుగులవి. వీటి మధ్య పుప్పొడి రేణువులు, పేడలో చేరిన చిన్న కీటకాల గుడ్లు, గాలి బుడగలు కొత్తవారిని తికమక పెడతాయి. నల్లటి మందపాటి అంచుతో నిండు గుండ్రంగా, లోపల ఏమీ లేకుండా కనిపిస్తే అది బుడగే.

ఇప్పుడు అసలు మెలిక. కార్జపు జలగ గుడ్లు, పొట్ట జలగ గుడ్లు ఉప్పు ద్రావణంలో తేలవు. బరువైనవి కాబట్టి చెత్తతో పాటు అడుగుకు పోతాయి. తేలియాడించి చూసి జలగలు లేవని రాయడం వెతకాల్సిన చోట వెతక్కుండా లేదనడమే. నీళ్లు నిలిచే పల్లపు పొలాల్లో, కాలువ గట్ల మీద, నత్తలున్న చోట మేసే పశువుకు అడుగున పేర్చే పరీక్ష వేరుగా చేయించాలి. 10 గ్రాముల పేడను 200 మిల్లీలీటర్ల నీటిలో కలిపి వడకట్టి, ఐదు నిమిషాలు నిలకడగా ఉంచి, పై నీళ్లు మెల్లగా వంచేయాలి. మళ్లీ నీళ్లు పోసి అదే పని చేయాలి, పైనీరు తేటపడేదాకా. వంచేటప్పుడు అడుగు మడ్డి కదిలిందంటే గుడ్లూ అందులో పోతాయి, అందుకే చివరి కాస్త నీటిని అలాగే వదిలేయాలి. మిగిలిన మడ్డిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేస్తే పేడ పీచు నీలంగా మారుతుంది, కార్జపు జలగ గుడ్లు పసుపుగానే మిగులుతాయి. 130 నుంచి 150 మైక్రాన్ల పొడవు, ఒక కొసన చిన్న మూత ఉంటుంది. అదే ఆకారంలో ఉండి రంగు లేకుండా తేటగా కనిపిస్తే పొట్ట జలగది. ఈ రెండూ కలగాపులగంగా రాస్తే మందు ఎంపికే తప్పుతుంది, కార్జపు జలగకు పనిచేసే మందుల్లో కొన్ని పొట్ట జలగకు పనిచేయవు.

జలగల విషయంలో ఒక్క పరీక్షతో తృప్తి పడటం కూడా సరికాదు. కార్జపు జలగ గుడ్లు పైత్యంతో పాటు పేగులోకి విడతలు విడతలుగా వస్తాయి. ఈ రోజు లేనివి ఎల్లుండి పేడలో ఉండొచ్చు. పైగా పొలంలో తిన్న జలగ పిల్ల కార్జాన్ని తొలుచుకుంటూ పైత్యనాళానికి చేరి గుడ్లు పెట్టేసరికి రెండున్నర మూడు నెలలు, పెద్ద జాతిలో ఇంకా ఎక్కువ పడుతుంది. కార్జానికి గట్టి దెబ్బ తగిలేది ఆ నెలల్లోనే. పొట్ట జలగలదీ ఇదే వరస. పెద్దవి పెద్ద పొట్టలో చేరాక పెద్దగా హాని చేయవు, పిల్లలు చిన్న పేగు మొదట్లో పొరలోకి దూరి ఉన్నప్పుడే కంపు కొట్టే నీళ్ల పారుడు పట్టుకుంటుంది. ఆ దశలో గుడ్లు దొరకవు. పలుచటి పేడను నీళ్లతో కడిగి నల్లటి పళ్లెంలో పోసి చూస్తే కొన్ని మిల్లీమీటర్ల గులాబీ రంగు పిల్ల జలగలు కనిపించే అవకాశం ఉంది. ఈ చిన్న పని ఎవరూ చేయడం లేదు.

ఎన్ని గుడ్లున్నాయో లెక్క కావాలంటే గీతలు గీసిన రెండు గదులుండే మెక్‌మాస్టర్ స్లైడ్ వాడాలి. 4 గ్రాముల పేడ, 56 మిల్లీలీటర్ల ఉప్పు ద్రావణం కలిపి, వడకట్టి, అడుగుకు దిగకముందే బాగా తిప్పుతూ పిప్పెట్‌తో రెండు గదులనూ నింపాలి. ఐదు నిమిషాలు ఆగి, గీతలున్న పై అద్దం మీదికి ఫోకస్ తెచ్చి, గీతల లోపలివి మాత్రమే లెక్కపెట్టాలి. ఒక్కో గదిలో గీతల కింద ఉండేది 0.15 మిల్లీలీటరు. రెండు గదుల మొత్తాన్ని 50తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. రెంటిలో కలిపి 7 కనిపిస్తే 350. ఒక్కటీ కనిపించకపోతే సున్నా అనేకంటే 50 లోపు అనుకోవడం నిజాయితీ.

ఆ అంకెను చూసి పురుగులు ఎన్నో చెప్పలేం. హీమాంకస్ ఆడ పురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుంది, ఆస్టర్‌టాజియా వందల్లోనే ఆగుతుంది. కాబట్టి రెండో పురుగు వల్ల వచ్చిన 200 మొదటి పురుగు వల్ల వచ్చిన 200 కన్నా ఎంతో ప్రమాదం. వయసు పెరిగేకొద్దీ పశువు వీటిని అదుపులో పెట్టుకుంటుంది, అందుకే పెద్ద ఆవుల్లో అంకె తక్కువగానే వస్తుంది. మందలో ఎక్కువ గుడ్లు కొద్ది పశువుల నుంచే వస్తాయి. పేడ పలచబడితే నీళ్లు ఎక్కువై అంకె పడిపోతుంది, రోగం మాత్రం తగ్గదు. వాతావరణం అనుకూలించని కాలంలో ఆస్టర్‌టాజియా పిల్లలు నాలుగో పొట్ట గోడలో నిద్రావస్థలో ఉండిపోతాయి. అవన్నీ ఒక్కసారిగా బయటపడినప్పుడు పశువు పారుకుని చిక్కిపోతుంది, పేడలో గుడ్లు మాత్రం అంతంత మాత్రమే.

దూడలకు వేరే లెక్క. వాటి ఏలికపాము తల్లి పాల ద్వారానే వస్తుంది, గేదె దూడల్లో మరీ ఎక్కువ. గుడ్లు పేడలో కనిపించేది మూడు వారాలు దాటాకే. పది రోజుల దూడ పేడలో గుడ్లు వెతకడం వృథా, దాని పేగులో పురుగులు ఎదుగుతూ ఉండొచ్చు. నాలుగైదు నెలలు వచ్చేసరికి పురుగులు వాటంతట అవే రాలిపోతాయి, అప్పుడు గుడ్లు లేవని వస్తే మునుపెన్నడూ లేవని అర్థం కాదు. ఈ ఒక్క పురుగు విషయంలో మాత్రం పరీక్ష కోసం ఆగకుండా రెండు వారాల వయసులో పశువైద్యుడి సలహాతో మందు పట్టించడమే సబబు.

మూడు వారాలు దాటిన దూడ ముక్కుతూ రక్తం, జిగురు కలిసిన పారుడు వేస్తుంటే కాక్సిడియాను తలచుకోవాలి. ఇవి పురుగులు కావు, ఏకకణ జీవులు. మామూలు నట్టల మందు వీటి మీద పనిచేయదు. చిక్కేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న దూడల పేడలోనూ హాని చేయని కాక్సిడియా జాతుల కోశాలు (పేడతో బయటికి వచ్చే, గుడ్డులాంటి వాటి రూపాలు) కనిపిస్తాయి. అసలు రోగం తెచ్చే ఐమీరియా జుర్నీ, ఐమీరియా బోవిస్ కోశాలు రక్తం కనబడిన తొలి రోజుల్లో ఇంకా బయటికి రాకపోవచ్చు. రెండు మూడు రోజుల తేడాతో మళ్లీ చూడాలి, తోటి దూడల పేడ కూడా చూడాలి. జుర్నీ కోశం చిన్నది, గుండ్రం, 18 మైక్రాన్లు. బోవిస్‌ది 28 దాకా ఉంటుంది, ఒకవైపు కాస్త సన్నబడుతుంది. ఇక వారం నుంచి మూడు వారాల లోపు దూడ పసుపు పచ్చటి నీళ్లలా పారుకుంటే క్రిప్టోస్పొరీడియం కావచ్చు. దాని కోశం 5 మైక్రాన్లే కాబట్టి మామూలు పరీక్షలో దృష్టికి రాదు, యాసిడ్ ఫాస్ట్ రంగు వేసి చూడమని అడగాలి. ఇది మనుషులకూ అంటుతుంది. అలాంటి దూడ దగ్గర తొడుగులు లేకుండా పేడ తీయొద్దు.

పేడలో జలగల ప్రతిజనకాన్ని, అంటే జలగల నుంచి వచ్చే పదార్థాన్ని, పట్టే ఎలీసా అనే ప్రయోగశాల పరీక్ష గుడ్ల కన్నా కొన్ని వారాల ముందే ఆచూకీ చెబుతుంది. పాల ట్యాంకు నుంచి తీసిన నమూనాలో యాంటీబాడీలు చూసే పరీక్ష మంద ఎప్పుడో ఒకప్పుడు పురుగుల పాలబడిందని చెబుతుందే గానీ ఇప్పుడు ఏ ఆవు పేగులో ఉన్నాయో చెప్పదు.

మీ పత్రికకూ, రిపోర్టులు రాసేవారికీ ఒక విన్నపం. రిపోర్టు కాగితం మీద ఫలితంతో పాటు పశువు వయసు, చివరిసారి మందు ఎప్పుడు పట్టించారు, పేడ తీసిన సమయం, చూసిన సమయం, పద్ధతి పేరు, వాడిన పేడ బరువు రాయాలి. ‘గుడ్లు లేవు’ అనడానికి బదులు ‘తేలియాడించే పద్ధతిలో కనిపించలేదు, జలగల పరీక్ష చేయలేదు’ అని రాస్తే కాగితం మీద ఒక్క వరుస పెరుగుతుంది, అంతే. రైతులు కూడా రిపోర్టు చేతికి రాగానే ఏ పద్ధతిలో చూశారని అడగాలి.

మందు పట్టించాక మళ్లీ పేడ చూపించడం దాదాపు ఎవరూ చేయని పని. మందు పనిచేసిందో లేదో తెలిసేది దానితోనే. మందు పట్టించే రోజు 10 నుంచి 15 పశువుల పేడ విడివిడిగా తీసి లెక్కించాలి, తర్వాత అవే పశువులకు మళ్లీ. లెవామిసోల్ అయితే వారానికి, ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ అయితే 10 నుంచి 14 రోజులకు, ఐవర్‌మెక్టిన్ అయితే 14 నుంచి 17 రోజులకు. అంతకన్నా ముందే చూస్తే పురుగు చావకుండా గుడ్లు పెట్టడం మాత్రమే కొన్నాళ్లు ఆపి ఉండొచ్చు, బాగా పనిచేసిందనే భ్రమ కలుగుతుంది. మొదటి సగటు 400, రెండోది 60 అయితే తగ్గుదల 85 శాతం. తగ్గుదల 95 శాతం కన్నా తక్కువైతే మందుకు పురుగులు అలవాటు పడ్డాయేమోనని అనుమానించాలి.

అలా అనుమానించే ముందు ఇచ్చిన మోతాదును సరిచూసుకోవాలి. పశువు బరువును కంటితో అంచనా కట్టి తక్కువ పట్టించడం తరచూ జరిగేదే. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, భుజం ముందు కొస నుంచి పిరుదు ఎముక కొస దాకా ఉన్న పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 60, పొడవు 50 ఉన్న ఆవు బరువు దాదాపు 273 కిలోలు. దాన్ని 200 అనుకుని పట్టించి ఉంటే ముందు మోతాదు సరిచేసి, మళ్లీ లెక్కించి చూశాకే మందు మార్చాలి.

ఇట్లు,
ఒక పశువైద్యుడు